భుజం తట్టే కంపౌండర్

మా క్యాంపు కంపౌండర్ పోయాడని మొన్న ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. పొద్దున రొట్టె తిని, వాకిట్లో కుర్చీలో కునుకు తీసినవాడు మళ్లీ లేవలేదట. ఎవరు పోయారని మా ఆవిడ అడిగితే "దుబాయ్ కంపౌండర్" అన్నాను. నేను పనిచేసింది ఖతార్‌లో. జగిత్యాల పక్కన మా ఊళ్లో ఆ తేడా చెప్పీ చెప్పీ ఎప్పుడో అలిసిపోయాను.

చమురు డబ్బు పొంగుతున్న కాలమది. దోహాలో ఎటు చూసినా సగం లేచిన గోడలే. మెసైమీర్ వైపు మా క్యాంపు. తెలంగాణ మేస్త్రీలం ఒక వరుస గదుల్లో, ఫిలిప్పీన్స్ వాళ్లు ఇంకో వరుసలో. వాళ్లలోని మనిషే కంపౌండర్. కంపెనీ లెక్కలో నర్సు. సూది మందు ఇచ్చే మగవాణ్ణి మేం ఇంకేమని పిలుస్తాం? పొట్టి మనిషి, నూనె రాసి దువ్విన జుట్టు, ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా. కాలు బెణికిందని వెళ్లినా, కడుపు నొప్పని వెళ్లినా మంచినీళ్ల కుండ వైపే చూపించేవాడు. మా దగ్గరే నేర్చిన తెలుగులో, "నీళ్లు తాగు తమ్మీ. సగం రోగం దూపనే" అనేవాడు. డ్యూటీ ఎగ్గొడదామని వెళ్లినవాడికి కూడా కడుపు నిండా నీళ్లు తాగించి గానీ "యల్లా, ఇగ పో" అనేవాడు కాదు. ఇంటి బెంగతో ఉన్న మాకు అక్కడ ఆయనే పెద్దదిక్కు.

మందు ఇచ్చాక భుజం తట్టడం ఆయన అలవాటు. ఆయన తట్టగానే తక్కిన ఫిలిప్పీన్స్ వాళ్లు వెంటనే ఆయన భుజం తిరిగి తట్టేవాళ్లు. ఓహో, ఇది వీళ్ల మర్యాద కాబోలు అనుకున్నాం. దండానికి ప్రతిదండం పెట్టొద్దూ? మేమూ మొదలుపెట్టాం. మా పెద్దమేస్త్రీ అయితే, గౌరవం తక్కువ కాకూడదని రెండు చేతులతో తట్టేవాడు. తట్టినప్పుడల్లా కంపౌండర్ మొహం చిన్నబోయేది. సరిపోలేదేమోనని ఇంకాస్త గట్టిగా తట్టేవాళ్లం.

ఒక శుక్రవారం ఆయనే అడిగేశాడు. "మీకు గూడ నేనంటే భయమేనా?"

భయమేమిటని తెల్లబోయాం. అప్పుడు చెప్పాడు. ఆయనది సికిహోర్ అనే చిన్న దీవి. ఫిలిప్పీన్స్‌లో ఆ పేరు వింటే చాలు, చేతబడి దీవి అని జడుసుకుంటారట. అక్కడివాడు ముట్టుకుంటే వెంటనే తిరిగి ముట్టుకోవాలి, లేకపోతే మంత్రం ఒంటికి అంటుకుంటుందని నమ్మకం. వాళ్ల చేతి తిండి తినకూడదు. అందుకే ఆయన మెస్సులో ఒక్కడే ఒక మూల కూర్చుని తినేవాడు. మేం రోజూ చూస్తూనే ఉన్నాం, గర్వమనుకున్నాం.

పెద్దమేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. "మాకేం తెల్సు సాబ్. గా తట్టుడు మీ దిక్కు రాంరాం అనుకున్నం."

కంపౌండర్ కళ్లనీళ్లు తిరిగేలా నవ్వాడు. ఆ తర్వాత మమ్మల్ని తట్టినప్పుడల్లా, మా రాంరాం కోసం తనే భుజం ముందుకు వంచేవాడు.

బాణామతి పేరు పడ్డ ఊళ్లు మాకూ తెలుసు. ఒకసారి పేరు పడిందంటే ఆ ఊరితో పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు కూడా ఉండవు. ఆ రోజు నుంచి ఆయన పళ్లెం మా గదికి మారింది. తింటూ వాళ్ల దీవి కబుర్లు చెప్పేవాడు. మంత్రాలంటారు గానీ అక్కడి ముసలివాళ్లది మూలికల వైద్యమేనట. ఈస్టర్‌కు ముందు కొండ మీద చేరి వేళ్లూ బెరళ్లూ పెద్ద బానలో కాస్తారు. మిగతా రోజుల్లో కొబ్బరి ఎండబెట్టి అమ్ముకోవడం, చేపలు పట్టడం. తెల్లటి ఇసుక, మెట్లు మెట్లుగా దూకే జలపాతం ఉన్నాయి. వెనకటికి ఓడల్లో వచ్చిన స్పెయిన్ వాళ్లు చెట్ల నిండా మిణుగురులు చూసి, నిప్పుల దీవి అని పేరు పెట్టారట. "ఎవ్వరు మిణుగురుల ముచ్చట అడగరు తమ్మీ, మంత్రమే అడుగుతరు" అనేవాడు.

ఒకసారి సెలవు నుంచి వస్తూ రేకు డబ్బా నిండా రొట్టెలు తెచ్చాడు. గుడ్డు సొన వేసి, కొబ్బరి కల్లుతో పొంగించినవి. కల్లు అనే మాట చెవిన పడ్డాక మమ్మల్ని ఆపేదెవరు? ఖతార్ ఎడారిలో ఆ వాసనకే పెద్దమేస్త్రీ కళ్లు చెమర్చాయి. మేం తింటుంటే కంపౌండర్ తాను తినడం మాని, మమ్మల్నే చూస్తూ కూర్చున్నాడు. వారం దాటినా మాలో ఎవరమూ చావలేదని రూఢి చేసుకుని, పక్క దీవికి చెందిన క్రేన్ ఆపరేటర్ మా గుమ్మం దగ్గరికొచ్చి, ఒక ముక్క ఏమైనా మిగిలిందా అని అడిగాడు. కంపౌండర్ తనకని దాచుకున్న రొట్టె తీసి అతని చేతిలో పెట్టాడు. మరుసటి సెలవుకు రెండు డబ్బాలు తెచ్చాడు.

నేను ఖతార్ వదిలి వచ్చేసే రోజు విమానాశ్రయం దాకా వచ్చాడు. దారిలో నీళ్లు తాగమన్నాడు. భుజం తట్టాడు. తట్టి, ఎప్పటిలాగే తన భుజం కొంచెం ముందుకు వంచి నిలబడ్డాడు.

నేను చెయ్యెత్తలేదు.

"ఏంది తమ్మీ, తిరిగి తట్టవా?"

"ఉండనీయే అన్నా. నీ మంత్రం ఏదన్న ఉంటే నాకే అంటుకోనీ."

ఆయన నవ్వబోయి, నవ్వలేకపోయాడు. నేను లోపలికి వెళ్లి వెనక్కి తిరిగి చూశాను. అద్దం అవతల ఆ తెల్ల చొక్కా భుజం ఇంకా అలా వంగే ఉంది.