తలుపు ఎటు తెరవాలె బిడ్డా?

పోయిన మంగళవారం పొద్దున ఎంకపల్లిలో మా డ్రాయింగ్ సార్ పోయారు. బాత్రూంలో కాలు జారి తలుపుకు అడ్డంగా పడిపోయారు. ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. అమ్మ, అంటే సార్ భార్య, బయటినుంచి ఎంత నెట్టినా అది కదల్లేదు. లోపల మూలుగు వినబడుతూనే ఉందట. పక్కింటివాళ్లొచ్చి తలుపు పగలగొట్టి దవాఖానకు చేర్చేసరికి ఆలస్యమైపోయింది.

ఆ ఇంటి ప్లాను గీసింది నేనే.

సార్ గురించి నాలుగు మంచి మాటలు రాయమని పాత విద్యార్థులు అడిగారు. ఆయన గురించి ఎన్నైనా రాస్తాను. నా గురించి రాయడానికే మంచి మాటలు లేవు.

మొయినాబాద్ దగ్గరి మా సర్కారు బడిలో డ్రాయింగ్ పీరియడంటే మామిడికాయ, జెండా, నెమలి. సార్ వచ్చాక అవన్నీ పోయాయి. శనివారం ప్రతి ఒక్కరూ ఇంటినుంచి డబ్బాలో ముగ్గు తేవాలి. ముందురోజే అడుగులతో, జానలతో కొలుచుకొచ్చిన తమ ఇంటిని మైదానంలో ఉన్నంత సైజులో గీయాలి.

"మొగపిల్లలు ముగ్గేస్తరా సార్?" అని ఒకడు గొణిగాడు.

"ఎందుకెయ్యవ్? నువ్వు ఇంట్ల ఉండవా?" అన్నారు సార్.

గీశాక అసలు పని మొదలయ్యేది. ఆ గీతల్లోకి దిగి ఉత్తుత్తి బిందె ఎత్తుకుని గుమ్మం దాటాలి, పొయ్యి దగ్గర కూర్చోవాలి, చాప పరవాలి. "ఇల్లు కాయితం మీద ఉండదు, మనిషి చుట్టు ఉంటది" అనేవారు సార్.

బడికి పక్కూరు హిమాయత్‌నగర్‌లో మాది ఒక్కటే గది. రెండు నిమిషాల్లో గీసేసి సిగ్గుతో నిలబడ్డాను. సార్ వచ్చి అందులో బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు.

"మీ నాయినమ్మ యాడ పండుకుంటది?"

"తలుపెనక, సార్."

"మరి తలుపు తీస్తే?"

"కాళ్లకు తాకుతది. రోజూ తిడుతది, సార్."

అందరూ నవ్వారు, సార్ నవ్వలేదు. "అయితే తలుపు ఎటు తెరవాలె బిడ్డా?" అన్నారు. నేను ముగ్గు చెరిపి తలుపును బయటికి గీశాను. ఆ వారమే మా బాపు పాత మడతబందులు ఊడదీసి నిజంగానే తలుపును బయటికి తిప్పించాడు. నాయినమ్మ ఆ రాత్రి కాళ్లు చాపుకుని పడుకుంది. ఆర్కిటెక్ట్ అన్న మాట అప్పటికి నాకు తెలియదు గానీ, ఆ పనే చేయాలని మాత్రం గట్టిగా అనుకున్నాను.

చదువుకున్నాను. గండిపేట పక్కన ఆఫీసులో విల్లాలు గీస్తున్నాను. ఒకటి గీసి దాన్నే కాలనీ అంతా అతికిస్తాం.

సార్ రిటైరయ్యాక ఇల్లు కట్టుకుంటానని నా దగ్గరికే వచ్చారు, చేతిలో ముగ్గు డబ్బాతో.

"ఒక్కసారి జాగల గీసి నడుద్దాం రా బిడ్డా."

"కంప్యూటర్ల నడిచి చూసిన సార్. మీరు ఫికర్ చేయకుండ్రి."

నడవలేదు. ఒక విల్లా బాత్రూంను తెచ్చి, కుదించి, ఆ చిన్న ఇంట్లో ఇరికించాను. తలుపు ఎటున్నదో చూసుకోలేదు. సార్ ఆ కాగితం వంక చాలాసేపు చూశారు. డబ్బా మూత బిగించుకుని వెళ్లిపోయారు.

సార్‌ను సాగనంపి సమాధుల తోటనుంచి వాళ్లింటికొచ్చాక అమ్మ నా పక్కన కూర్చుంది. "ఆయనకు ఎరుకే బిడ్డా. తలుపు తిప్పిద్దామని నేనంటె వద్దన్నడు. నా స్టూడెంట్ గీసింది, నేను తిప్పితే చిన్నబోతది, ఎప్పుడన్న వస్తే తనే చూసి తిప్పుతది అన్నడు."

సార్ ఉండగా ఆ ఇంటికి నేను మూడుసార్లు వెళ్లాను. హాల్లో చాయ్ తాగి వచ్చేశాను.

సార్ మీద నాకు కోపంగా ఉంది, దాచుకోను. క్లాసంతా చూస్తుండగా నా తప్పు చూపించిన మనిషి, నేను పెద్దదాన్నయ్యానని ఎందుకు నోరు మూసుకున్నారు? ఏం చేసుకోను ఆ మర్యాదను?

మొన్న శనివారం మళ్లీ వెళ్లాను. రిటైరయ్యాక కూడా వాకిట్లో ఆయన పాఠం చెప్పిన పిల్లలు డబ్బాలతో వచ్చారు. రావద్దని వాళ్లకెవరూ చెప్పలేదు. ఊరంతా మాట్లాడుకుంటున్నది వాళ్లూ విన్నారు కాబోలు, లోపలికెళ్లి కొలుచుకొచ్చి బాత్రూం గీశారు. ఒక పిల్ల అందులో అడ్డంగా పడుకుంది. ఇంకొకతె బయట నిలబడి ఉత్త గాలిని నెట్టింది. "వస్తలేదక్కా" అంది నాతో.

డబ్బా తీసుకుని కూర్చున్నాను. గీత చెరిపి తలుపును బయటికి గీశాను.

బయటి పిల్ల తలుపు తనవైపు లాగి, వంగి, పడుకున్నదాని చేయి పట్టి లేపింది. ఇద్దరూ బయటికి నడిచి వచ్చారు.