బొంతకు వెల కట్టిన మేడమ్

ఇలా దగ్గరగా వచ్చి కూర్చోండి, సౌదీలోని ధహ్రాన్‌లో నేను వంట చేసిన ఇంటి మేడమ్ గురించి చెబుతాను. విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లీషు నవలల మీద ఆవిడ పరిశోధన చేసేవారు. అప్పటి అర్థశాస్త్రాన్ని చూసి ఆ రచయితలు కళకు విలువ ఎలా కట్టారన్నది విషయమట. చదివి చదివి, ఇంట్లో ఏది కనబడినా కళ్లజోడు నుదుటికెత్తి వెల కట్టేవారు.

నేను పాత చీరలతో మూడు నెలలు కూర్చుని ఒక బొంత కుట్టుకున్నాను. "కష్టానికి వాల్యూ ఏంటి ఆంటీ? ఎవరైనా కావాలనుకుంటేనే వాల్యూ! ఆ కాలం పెద్దలే తేల్చేశారు" అని దాన్ని చూసి మేడమ్ నవ్వారు.

అక్కడి పని పూర్తిగా వదిలేసి ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి బయల్దేరే రోజు దాన్ని మడతపెట్టబోతే వాళ్ల నాలుగేళ్ల పాప పట్టుకుని వదలలేదు. ఏసీ చలికి ఏడాదిగా అందులోనే పడుకుంటోంది మరి.

"ఇప్పుడు కావాలనేవాళ్లు దొరికారు కదండీ మేడమ్?" అన్నాను.

కళ్లజోడు పైకి లేచింది. "పాత చీరలేగా ఆంటీ! ఇందులో పడ్డ కష్టం ఎంతని?"

ఎంత గొప్ప చదువండీ! ఎటు తిప్పినా ఆవిడకే లాభం. "ఇచ్చి వెళ్లు" అన్న రెండు మాటలే ఆవిడకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. నేనే పాపకు కప్పి, ముద్దుపెట్టి వచ్చేశాను.

మీ ఇల్లు చల్లగుండాలి, నోరారా అడిగే పిల్లలతో కళకళలాడాలి.