గంజి కలిపిన గోడ

కరోనా రెండో ఏడు. సూరత్‌లోని మా మరమగ్గాల గల్లీలో, జ్వరమొచ్చిన వాళ్లను విడిగా ఉంచడానికి మేడమీద ఒక గది కట్టుకున్నాం. దుకాణాలు మూసి ఉండటంతో సిమెంటు చాలలేదు. మగ్గం దారాలకు గంజి పట్టించే మా మరిది సంపత్, మిగిలిన గంజిని గోడ పూతలో కలుపుతానన్నాడు.

"దారం రాపిడికి ఆగాలె, గోడ వానకు ఆగాలె. గంజి తడిస్తే కుళ్లుతది గదయ్యా!" అని మొత్తుకున్నాను.

"డిగ్రీ చదివితే గోడలు లేస్తయా వదినా? జర సూడు, ఉక్కు లెక్క అయితది."

వానలు మొదలవగానే జ్వరమొచ్చి ఆ గదిలో పడింది నేనే. గోడంతా పచ్చటి బూజు, చచ్చిన ఎలుక కంపు. అన్నం ముద్ద నోటి దాకా తెచ్చేసరికి పూత పెళ్ల ఊడి కంచంలో పడింది. మెతుకుల మధ్య తెల్లటి పురుగులు మెదులుతున్నాయి. పేగులు బయటికొచ్చేలా కక్కుకున్నాను.

నా కేకలకు సంపత్ కిటికీ కిందికొచ్చాడు. "కంపు తెలుస్తున్నదా వదినా? అయితే నీకు కరోనా లేనట్టే!"

పరీక్షలోనూ లేదనే వచ్చింది. బయటపడగానే అతని చేతికి సుత్తీ ఉలీ ఇచ్చి పూతంతా కొట్టించాను. ముక్కుకు తువాలు చుట్టుకున్నా ఓకరిస్తూనే ఉన్నాడు.

"సంతోషం సంపత్, నీక్కూడా లేదు" అన్నాను.

నేనైతే ఇప్పటికీ అన్నం వార్చేటప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటాను.