గోడ మీది వాళ్ళు

చోవా హెర్ మా ఆఫీసులో చేరిన మొదటి నెలలోనే, ఈ పిల్లతో నాకు పడదనుకున్నాను. ఫారం నింపేటప్పుడు కాగితం చిరిగేలా నొక్కి రాసేది. మనిషి మంచిదే. అమెరికాలోని సెయింట్ పాల్ ఊళ్ళో, ఇక మందులు పనిచేయవని తేలిన రోగులను ఇళ్ళకు చేర్చి, మంచం, ఆక్సిజన్, నొప్పి తగ్గే మందులు అమర్చే పని మాది. నేను నర్సుని, తను సోషల్ వర్కరు. లావోస్ కొండల నుంచి వచ్చిన మా మోంగ్ వాళ్ళ ఇళ్ళకు మోంగ్ పిల్ల వెళ్తే మాట కలుస్తుందని పైవాళ్ళు తనను తీసుకున్నారు. అయితే చోవా నాన్న ఈ దేశం వచ్చిన ఏడాదే చర్చిలో చేరి, గోడ మీది పూజ కాగితం తీసి పారేశాడు. అప్పటికి చోవాకు నాలుగేళ్ళు. మా భాష వచ్చు, మా వంటలు వచ్చు, గోడ సంగతి మాత్రం తెలియదు. ఆ సంగతి నాకైనా తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

ఆ జనవరిలో బ్లియా అనే పెద్దావిడ కేసు వచ్చింది. విస్కాన్సిన్‌లో, వాసా ఊళ్ళో కొడుకు దగ్గర ఉండే మనిషి. వైద్యం కోసం ఇక్కడ కూతురు మై సీ ఇంటికి వచ్చింది. జబ్బు లివరంతా పాకింది, వారం కంటే కష్టమన్నారు డాక్టర్లు.

"అమ్మని ఇంటికి తీసుకెళ్తారా?" అని చోవా అడిగితే మై సీ తలూపింది. ఫారం మీద 'ఇల్లు' అని రాసేసింది చోవా. సాయం చేయడానికి వచ్చిన మనిషికి మావాళ్ళు ఎదురు చెప్పరు, తలూపుతారు. విన్నామని మాత్రమే దానర్థం.

వెలుతురు బాగుంటుందని చోవా మంచం ముందుగదిలో వేయించింది. సరిగ్గా తల వైపు గోడకు తెల్ల కాగితం, దాని మీద బంగారు రేకు, అంటించిన కోడి ఈకలు ఉన్నాయి. ఆ ఇంటి వంశంలో పోయిన పెద్దలు కొలువుండే చోటది. అల్లుడు తూ గెర్ ఆ మంచాన్ని చూసి, గరాజ్‌లోకి పోయి వ్యానులో కూర్చున్నాడు. రెండో రోజూ అక్కడే. మూడో రోజు చోవాకు ఒళ్ళు మండింది. గరాజ్ తలుపు తీసి, ఇంట్లోకి వినపడేలా అడిగింది.

"అక్కడ మీ అత్తగారు చచ్చిపోతుంటే, ఇక్కడ రేడియో వింటూ కూర్చున్నారా బాబాయ్?"

మాలో చావు మాట ఎవరూ ఎత్తరు. 'నూట ఇరవై ఏళ్ళు నిండినప్పుడు' అంటాం, ఎంత జబ్బు మనిషి గురించైనా. మొహం మీద అలా అంటే శాపం పెట్టినట్టే. మై సీ జావ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. తూ గెర్ రేడియో ఆపాడు, అంతే.

ముసలావిడ చోవాను దగ్గరికి పిలిచింది.

"పాపా, నీ కారులో హీటరు పనిచేస్తుందా?"

"చేస్తుంది అమ్మమ్మా. ఎందుకు?"

"నన్ను మావాడింటికి దింపు."

"ఇంత చలిలోనా? ఇక్కడ అన్నీ అమర్చాం కదా. అమ్మాయి చూసుకుంటుంది."

"అది బాగానే చూస్తుంది. ఈ గోడ మీది వాళ్ళు షియాంగ్ వాళ్ళు తల్లీ, మా అల్లుడి వైపు వాళ్ళు. నేను వాంగ్ వాళ్ళ కోడల్ని. వీళ్ళు నన్నెరగరు. నాకిక్కడ ఏమన్నా అయితే ఈ ఇంట్లో పిల్లలకి మంచిది కాదు. కన్ను మూస్తే మళ్ళీ తెరుస్తానో లేదోనని మూడు రోజుల్నించి నిద్రపోలేదు."

చోవా నాకు ఫోన్ చేసింది. నేను సెలవులో ఉన్నాను. ఆ రోజు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

"ఎవరూ చెప్పలేదక్కా," అంది ఏడుపు గొంతుతో.

"నువ్వు అడిగావా?"

అంబులెన్సు దొరకడానికి రెండు రోజులు పడుతుందన్నారు. పైగా దారిలో ఊపిరి ఆగితే వాళ్ళు గుండె మీద గుద్ది, దగ్గర్లోని ఆసుపత్రిలో పడేస్తారు. సొంత బండిలో తీసుకెళ్తే పూచీ మాది కాదన్నారు మా పైవాళ్ళు. పూచీ నాదంటూ చోవా కాగితం మీద తన పేరు రాసిచ్చింది, ఆ రోజు మాత్రం మెల్లగా రాసింది.

నేను వెళ్ళేసరికి తూ గెర్ వ్యాను వెనక సీట్లు మడిచి పరుపు వేసి ఉంచాడు. దుప్పట్లు కూడా మడతపెట్టి ఉన్నాయి. చోవా బిక్కమొహం వేసుకుని చూసింది.

"మొన్నటి నుంచి ట్యాంకు నింపి పెట్టుకునే కూర్చున్నానమ్మా," అన్నాడు తూ గెర్. "అత్తగారిని మా ఇంట్లోంచి తీసుకెళ్ళండని నా నోటితో ఎలా అంటాను?"

మూడు గంటల దారి. మంచు. సగం దారిలో ఓ క్లేర్ అనే ఊరు దాటాక ఆవిడ ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. నేను వాచీ చూస్తున్నాను, చోవా నా మొహం చూస్తోంది.

"దార్లోనే అయితే అక్కా?" అంది నెమ్మదిగా.

"నోర్ముయ్," అన్నాను. నాకూ భయంగానే ఉంది. రోడ్డు మీద అయితే ఆవిడ ఏ గోడకూ చెందకుండా పోతుంది.

"ఏ ఊరు?" అంది ముసలావిడ కళ్ళు తెరవకుండా.

"వచ్చేశాం అమ్మా," అంది మై సీ. ఇంకా గంటన్నర దారి ఉంది. ఆ గంటన్నరలో అదే మాట ఏడుసార్లు చెప్పింది.

కొడుకు కోటు కూడా లేకుండా మంచులో నిలబడి ఉన్నాడు. తల్లిని చేతుల మీద ఎత్తుకుని గడపలో ఆగి, లోపలి గోడతో అన్నాడు: "అమ్మ వచ్చింది. రానివ్వండి."

పడుకోబెట్టాక ఆవిడ గోడ వైపు ఒకసారి చూసింది. రెండు నిమిషాల్లో గురక మొదలైంది. ఆ చప్పుడుకు చోవా హడలిపోయి నా చెయ్యి పట్టుకుంది. పడుకోనీ, అన్నాను. ఇంకో రెండు రోజులు ఉంది ఆవిడ, ఎక్కువ భాగం నిద్రలోనే.

ఇది జరిగి పంతొమ్మిదేళ్ళు. ఇప్పుడు చోవా ఏ ఇంటికి వెళ్ళినా ముందు గోడ చూస్తుంది, తర్వాతే ఫారం తీస్తుంది. కొత్తగా చేరిన పిల్లలను నా కంటే ఎక్కువ తిడుతుంది.

పోయిన నెల చోవా వాళ్ళమ్మకు జబ్బు ముదిరింది. ఒక్క ఆదివారం కూడా చర్చి మానని మనిషి. ఆవిడ చోవా దగ్గరే ఉంటోంది, అంటే అల్లుడింట్లో. నిన్న ఆఫీసు భోజనాల గదిలో నా ఎదురుగా కూర్చుని, చోవా అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

"మిల్వాకీలో తమ్ముడింటికి ఎంత దూరమని అడిగిందక్కా అమ్మ. వాడింట్లో గోడ ఖాళీ. అమ్మకి తెలుసు. అయినా అడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. పొద్దున్నే ట్యాంకు నింపుకొచ్చాను."