లేని మెట్లు

కిందటి వారం బడి నుంచి వచ్చి, నందిగామలో మా వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఎవరెవరో పంపిన దరఖాస్తులు చదువుతూ కూర్చున్నాను. నాటకరంగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ళను ఏరి, విదేశంలో ఓ ఇంట్లో ఆరు వారాలు ఉంచి, తిండి పెట్టి, పరిశోధన చేసుకోమనే ఏర్పాటు ఒకటుంది. రెసిడెన్సీ అంటారు దాన్ని. నలుగురూ పక్కకు నెట్టేసిన మనుషులకు నాటకంలో చోటెలా కల్పించాలన్నది అక్కడ ఆలోచించాల్సిన విషయం. ఒకప్పుడు నేనూ వెళ్ళొచ్చిన దాన్నే కాబట్టి, ఈసారి తొలి వడపోతకు సాయం పట్టమన్నారు. వార్షికోత్సవాలకు పిల్లల చేత నాటికలు వేయించే టీచరమ్మకు ఇంత గౌరవమా అని రెండు రోజులు పొంగిపోయాను కూడా. పదకొండో దరఖాస్తు దగ్గర ఆ పొంగు చల్లారింది. అది జి.కొండూరు వైపు అమ్మాయిది. చక్రాల కుర్చీలో తిరిగే అన్నతో కలిసి నాటకాలు వేస్తోందట. ప్రశ్నలన్నీ అయ్యాక అడుగున మిగిలిన జాగాలో, ఎవరూ అడక్కుండానే ఒక ముక్క రాసింది. మీ ఇంటికి మెట్లుంటే ముందే చెప్పండి, వాలుగా వేసే చెక్క మేమే తెచ్చుకుంటాం అని. విమానంలో చెక్క ఎలా తెస్తుందో ఆ పిల్లకే తెలియాలి. నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. మా చిన్నత్త గుర్తొచ్చింది.

చిన్నత్త అంటే మా నాన్న చెల్లెలు. జగ్గయ్యపేటలో మాది కిరాణా హోల్‌సేల్ దుకాణం. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక కిటికీ. చిన్నప్పుడే పోలియో వచ్చి అత్తకు కుడికాలు చచ్చుబడింది. ఇంట్లో గోడ పట్టుకుని, బయట చంకకర్ర వేసుకుని నడిచేది. బయట అన్నానే గానీ ఆవిడ బయటికి వెళ్ళింది తక్కువ. పొద్దున పప్పు డబ్బాలు సర్దడం అయ్యాక ఆ కిటికీ దగ్గర కూర్చుంటే, కొట్టుకు వచ్చే జనమంతా ఆవిడ కళ్ళ ముందు నుంచే పోయేవారు. సాయంత్రానికి వాళ్ళందరూ ఆవిడ గొంతులోకి వచ్చేసేవారు. వీరులపాడు నుంచి వచ్చే మోతుబరి రైతు బేరం చేసే ముందు మూడుసార్లు దగ్గుతాడని, సిమెంటు లారీ డ్రైవరు దుమ్ముకు కళ్ళు చికిలించి మాట్లాడతాడని, కోదాడ వైపు నుంచి వచ్చే ఆవిడ "గట్లనా" అంటూ మెడ ఎటు వాలుస్తుందో ఏమీ వదిలేది కాదు. మా నాన్నను మా నాన్న ముందే చేసి చూపిస్తే ఆయన ఉడుక్కుంటూనే నవ్వేవాడు. నాటకం ఎక్కడ నేర్చుకున్నావని నన్ను చాలామంది అడిగారు. పెద్ద పెద్ద పేర్లేవో చెప్పేదాన్ని. నిజానికి నేర్చుకుంది ఆ కిటికీ పక్కన, వేరుశనక్కాయలు ఒలుస్తూ.

మా ఇంట్లో అందరి నోట్లోనూ ఒక మాట ఉండేది, ఇబ్బంది అని. పెళ్ళికి అత్తను తీసుకెళ్దామా అంటే "దానికి ఇబ్బందవుద్దిలే" అనేవారు. తిరపతమ్మ తిరనాళ్ళన్నా అదే మాట, సినిమా అన్నా అదే మాట. ఎంత ప్రేమగా అనేవారంటే, ఇబ్బంది ఎవరికని అడగాలని ఎవరికీ తోచేది కాదు. నాకు తోచింది. ఆ సంగతే రెసిడెన్సీకి పెట్టుకున్న నా దరఖాస్తులో రాశాను, కాస్త నాటకీయంగానే రాశాను. ఎంపిక చేశారు. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు, చెంపల దగ్గర వెంట్రుకలు నెరుస్తున్నాయి, అయినా కాగితంలో వర్ధమాన కళాకారిణినే. ఆరు వారాలు అక్కడేం చేస్తావని నాన్న అడిగితే ఆలోచిస్తానని చెప్పాను. "ఆ పని ఇక్కడ చెయ్యకూడదా" అన్నాడాయన.

నా పరిశోధనకు మూలమైన మనిషిని కూడా వెంట తెచ్చుకోవచ్చని వాళ్ళు రాశారు. ఆ మాట చెప్పగానే అత్త పప్పు డబ్బా మూత పెట్టడం కూడా మర్చిపోయింది. "మనం వెళ్తన్నామా?" అని అడిగింది. "మనమే వెళ్తున్నామత్తా" అన్నాను. ఆ తర్వాత రెండు నెలలూ మా ఇంట్లో మనం తప్ప మరో మాట లేదు. మనం చలికి ఏం కట్టుకుంటాం, మనం ఆవకాయ పట్టుకెళ్ళొచ్చా, మనకి వాళ్ళ మాట అర్థం కాకపోతే ఎట్లా. పాస్‌పోర్టు కోసం కారు మాట్లాడుకుని విజయవాడ వెళ్ళాం. ఫోటో తీసేటప్పుడు నవ్వకూడదన్నారని అత్త బిగించుకున్న మొహంతో కూర్చుని, నందిగామ దాటేదాకా మమ్మల్ని నవ్వించింది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఆవిడ పేరుతో వచ్చిన మొదటి పుస్తకం అది. చీరల మధ్య దాచుకుంది.

ప్రయాణం మూడు వారాలుందనగా వాళ్ళ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. మీ అత్తగారికి మంచం ఎంత ఎత్తు ఉండాలి, స్నానాలగదిలో పట్టుకునే కమ్మీ ఏ వైపు ఉండాలి, ఇలా రెండు పేజీల ప్రశ్నలు. జవాబులు రాయడానికి కూర్చున్నాను. విమానాశ్రయాల్లో పరుగులు, మందులు, చలి, అన్నీ ఒకేసారి మీద పడ్డట్టయింది. అవన్నీ నిజమే. కానీ వాటి వెనక ఇంకోటి కూడా ఉంది, దాన్ని కిందటి వారం దాకా ఎవరికీ చెప్పలేదు. అత్త పక్కన ఉంటే నన్నెవరూ చూడరు. ఆవిడ నోరు విప్పితే చప్పట్లన్నీ ఆవిడవే, నేను ఆవిడ వెనక కర్ర పట్టుకుని నిలబడే మేనకోడల్ని. ఈ భయం నాలో ఉందని ఆ కాగితం ముందు కూర్చున్నప్పుడే తెలిసింది. ఆరోగ్యం బాగాలేక మా అత్త రాలేకపోతోందని రెండు ముక్కలు రాసి పంపేశాను. ఆ ఆదివారం జగ్గయ్యపేట వెళ్ళి అత్తతో, "అక్కడంతా మెట్లేనంటత్తా. నీకు ఇబ్బందవుద్దని వాళ్ళే వద్దన్నారు" అని చెప్పాను. దరఖాస్తు నిండా తిట్టిపోసిన మాటే నా నోటి వెంట వచ్చింది. అత్త కాసేపు చీర కుచ్చిళ్ళు సవరించుకుంది. "మెట్లుంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తార్లే. నువ్వు జాగ్రత్తగా వెళ్ళిరా" అంది.

వెళ్ళాను. సముద్రం పక్కన చలిదేశం, చెక్క ఇల్లు. గుమ్మం ముందు ఒక్క మెట్టు కూడా లేదు. కొత్త చెక్కతో వాలుగా దారి కట్టి ఉంది, ఇంకా రంగు కూడా వేయలేదు. నా ఉత్తరం అందేసరికే పని సగమైందట, ఎప్పటికైనా ఎవరికైనా పనికొస్తుందని పూర్తి చేశారట. లోపల ఒక మంచం ఎత్తు తగ్గించి ఉంది. స్నానాలగదిలో రెండు వైపులా కమ్మీలున్నాయి, నేను ఏ వైపో చెప్పలేదుగా. ఆ దారి కట్టిన వడ్రంగి ముసలాయన కనిపించినప్పుడల్లా మీ అత్తగారికి ఎలా ఉందని అడిగేవాడు. కోలుకుంటున్నారని చెప్పేదాన్ని. ఆరు వారాలు రోజుకు నాలుగుసార్లు ఆ వాలు మీద నడిచాను.

చివరిరోజు ప్రదర్శనకు మనం అని పేరు పెట్టాను. ఇంగ్లీషులో ఒక్క మాటే ఉన్నచోట మాకు రెండున్నాయని చెప్పాను. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, బయట నిలబెడితే మేము. అందరూ ఎంతో ముచ్చటపడ్డారు, కొందరు పుస్తకాల్లో రాసుకున్నారు. తర్వాత రైతు దగ్గూ, డ్రైవరు చికిలింపూ, కోదాడ ఆవిడ మెడా, అన్నీ అత్త చేసినట్టే చేశాను. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సిగ్గు లేకుండా సంతోషించాను.

తిరిగొచ్చాక అత్త పక్కన కూర్చుని కబుర్లు మొదలుపెట్టాను. "మేము రోజూ పొద్దున్నే సముద్రం దాకా నడిచేవాళ్ళం, మేము అక్కడ..." అంటుండగా అత్త నా మొహంలోకి చూసింది. నేను ఆగిపోయాను. "అనవే, తప్పేముంది. నేను లేనుగా, మేమనే అనాలి" అంది, నా తడబాటు తనే సర్దుతూ. తర్వాత అడిగింది, మెట్లు చాలా ఉన్నాయా అని. "చాలా ఉన్నాయత్తా" అన్నాను. "అయితే మంచిపనే అయింది" అంది.

ఇదంతా జరిగి ఎనిమిదేళ్ళయింది. ఆ అమ్మాయి దరఖాస్తు చదివాక ఇంట్లో కూర్చోలేకపోయాను. ఆ సాయంత్రమే బస్సెక్కి పేట వెళ్ళాను. నాన్న పోయాక కొట్టు తమ్ముడు చూస్తున్నాడు, అత్త ఆ కిటికీ దగ్గరే ఉంది. టీ తాగడం అయ్యాక చెప్పేశాను. మెట్లు లేవని, వాళ్ళు వద్దనలేదని, నేనే వద్దనుకున్నానని, ఎందుకనుకున్నానో అది కూడా. అత్త అడ్డు రాకుండా విన్నది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఆ దారి ఎంత వెడల్పుంటది?" అని అడిగింది. ఇద్దరు పక్కపక్కన నడవొచ్చని చెప్పాను.

"ఇన్నేళ్ళూ మెట్లే అడ్డమనుకున్నానే. ఎవరి మీదా కోపం లేకుండా బానే గడిచింది. ఇప్పుడెందుకు చెప్పావు?"

"మనసు ఊరుకోలేదత్తా."

"నీ మనసా" అంది. కిటికీ వైపు తిరిగింది. కొట్లో ఎవరో బేరమాడుతున్నారు. ఎప్పుడూ వచ్చే మనిషే అయినా, అత్త అటు చూడటం లేదని నాకు తెలుస్తూనే ఉంది. వెళ్ళొస్తానంటే తల ఊపింది.

ఎనిమిదేళ్ళు గడిచాయి కదా, తప్పు పాతబడి ఉంటుందిలే అని బస్సులో అనుకుంటూ వెళ్ళాను. పాతబడింది నాకు. అత్తకు అది ఆ సాయంత్రమే జరిగింది.