గ్రహణం నాటి వజ్రాలు

వజ్రకరూరు పక్క పల్లెలో కూలికి పోయే తల్లులందరూ పిల్లల్ని చౌడమ్మ అరుగు మీద దించి పోయేవాళ్ళు. పిడికెడు జొన్నలు చేతిలో పోస్తే చాలు, పొద్దు గూకేదాకా కాసేది. కాసేది ఒంటికన్నుతోనే. చిన్నప్పుడు గ్రహణం పట్టిన సూర్యుణ్ణి రెప్పవాల్చకుండా చూసి కుడికన్ను పోగొట్టుకుంది. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడి, ఎవరడిగినా కోడి పొడిచిందనేది. పాపం, ఆ అరుగు మీద పెరిగిన పిల్లలంతా కోడి కనబడితే ఆమడ దూరం పారిపోయేవాళ్ళు.

పందొమ్మిది వందల యాభై ఐదు జూన్‌లో, సరిగ్గా విత్తనం అదునులో సూర్యగ్రహణం వచ్చింది. వాన పడ్డాక గ్రహణమని విత్తు ఆపే రైతు ఎక్కడుంటాడు? తల్లులు తెల్లవారకముందే పిల్లల్ని దించి చేలకు పోయారు. చౌడమ్మ భయమంతా మనవడు తిమ్మన్న గురించే. వద్దన్న పని చేయకపోతే వాడికి తిన్నది అరగదు. వాడు తలెత్తి చూశాడంటే మిగతా పిల్లలూ చూస్తారు.

పైకి చూడొద్దనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, వాణ్ణి పక్కకు పిలిచింది.

"గ్రహణం పట్టినంతసేపూ నేలమింద వజ్రాలు మెరుస్తాయంట. ఎవురికీ చెప్పొద్దురా."

ఇంకేముంది, వాడు ఊరంతా చాటాడు. వానలు పడితే వజ్రాలకు వెతికే ఊరు కదా, పిల్లలంతా వంగి మట్టి గీకడం మొదలుపెట్టారు. సంగతి చేలకు పాకింది. తల్లులు విత్తనాలు గట్టున పడేసి వచ్చారు. వాళ్ళను తిట్టడానికి వెంటపడి వచ్చిన రైతు మారెప్ప కూడా పంచె ఎగ్గట్టి వంగాడు. గ్రహణమని తలుపులు బిగించుకున్న ముసలమ్మలు సైతం గడప దాటారు. ఎండ పలచబడింది, మళ్ళీ ముదిరింది. ఒక్క తలా పైకి లేవలేదు. గ్రహణం ఎప్పుడు విడిచిందో ఊళ్ళో ఎవరికీ తెలియదు.

కొంగు నోట్లో కుక్కుకుని నవ్విన చౌడమ్మ, కాసేపటికి ఎందుకైనా మంచిదని తానూ అరుగు దిగి వెతికింది.

మధ్యాహ్నం తిమ్మన్న వచ్చి ఆమె అరచేతిలో నూకంత గాజుముక్క పెట్టాడు. ఎంత చికిలించి చూసినా ఆమెకు కనపడలేదు. ఇంత చిన్నది నీకెట్లా కనపడిందిరా అని అడిగింది.

"నన్నేమన్నా కోడి పొడిచిందా అవ్వా?"

చౌడమ్మ వాడి రెండు కళ్ళనూ మార్చి మార్చి చూసింది. ఆ సంతోషంలో ఇన్నేళ్ళు దాచిన నిజం నోరు జారింది.

"కోడి కాదు నాయనా. గ్రహణాన్ని చూసినాను, కన్ను పోయింది."

గ్రహణాన్ని చూడొచ్చా అంటూ తిమ్మన్న గడ్డం మెల్లగా పైకి లేవబోయింది. చౌడమ్మ వాడి నెత్తిన చెయ్యి వేసి కిందికి వంచింది.

"ఆడ సూడు, ఇంగొకటి మెరుస్తాండాది."