గోడవతల కులవ

కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల పని నా వేళ్ళను తినేసినాక, విరుదునగరం పోయే దోవలో ఉండే కోతుల తోటలో చేరినాను. తొంబైల చివర. దిక్కులేని కోతుల్ని తెచ్చి సాకే చోటది. ఊళ్ళో వాళ్ళు అన్నిటినీ కోతులే అనేవాళ్ళు గానీ, అక్కడుండే రెండిటిని అట్లంటే నాకు ఒళ్ళు మండేది. వాటికి తోకే లేదు గదా! అవి గిబ్బన్లు. దేశానికి ఈశాన్యం పక్క వానలు తెగని అడవుల్లో బతికే జాతి. ఏదో సర్కస్ మూతపడితే మా నల్లరేగడి ఎండలోకి తెచ్చి పడేసినారు, పావం.

మగది నలుపు, కనుబొమ్మలు మాత్రం తెలుపు. ఆడది గోధుమరంగు. పుట్టినప్పుడు పిల్లలన్నీ తెల్లగానే ఉంటాయంట, పెరిగేకొద్దీ నల్లబడతాయంట, ఈడొచ్చినాక ఆడవి మాత్రం మళ్ళీ రంగు తేరతాయంట. విరుదునగరం నించి వచ్చే పశువుల డాక్టరు తమిళంలో చెప్పినాడు ఇదంతా. కాళ్ళకంటే చేతులే పొడుగు. బోనులో కమ్మీ నించి కమ్మీకి ఊగుతా పోయేవి, నేలకు దిగేది అరుదు. ఒకదానికి ఒకటే జత. తెల్లారినాక వాడు గొంతెత్తుతాడు, కాస్త ఆపుతాడు, ఆమె అందుకుంటుంది. ఆ పాట అయ్యేదాకా నేను చీపురు పట్టేదాన్ని కాదు.

ఒక చిత్తిర నెల ఎండల్లో ఆడదానికి జొరం పట్టుకుంది. డాక్టరు సూదులు వేసినా నిలవలేదు, చచ్చిపోయింది.

మా ఊళ్ళల్లో కోతి చస్తే ఊరికే పూడ్చరు. ఆంజనేయసామే పోయినట్టు పసుపునీళ్ళు పోసి, మాలేసి, మేళంతో ఎత్తుకుపోతారు. ఇది కోతి కాదని అందరితో తగువులాడిన నేనే ఆ పొద్దు అన్నిటికీ ముందు నిలబడినాను. వాడు కరుస్తాడని, శవాన్ని ఎత్తకముందే వాణ్ణి బోను వెనక గదిలోకి తోలి గడియ వేసింది కూడా నేనే. తోట గోడవతల గుంత తీసి పూడ్చి, ఆడోళ్ళం ఆరుగురం కులవ పెట్టినాము. కులవంటే నాలుక ఆడిస్తా గొంతెత్తి చేసే కేక. గుడి ముందర పొంగలి పొంగేటప్పుడు పెడతాం.

మేం ఆపగానే గదిలోంచి వాడు పాడినాడు. పాడి, ఆపి, మళ్ళీ పాడినాడు.  ఆడోళ్ళు సామి పలికినాడని దండం పెట్టినారు. నేనూ పెట్టినాను, బుద్ధిలేనిదాన్ని.

అప్పట్నించి దినమూ పొద్దున వాడు ఆ గోడ పక్కకు తిరిగి పాడేవాడు. ఎవరో ఒకరం గోడవతల పోయి కులవ పెట్టేవాళ్ళం. వినగానే కమ్మీలు పట్టుకుని అటూ ఇటూ ఊగిపోయేవాడు. సంతోషపడతాండాడని మురిసిపోయినాం. పండు ముట్టేవాడు కాదు. ఆ మూల వదిలి జరిగేవాడు కాదు. ఆ పొడుగు చేతులు పుల్లలైపోయినాయి.

డాక్టరు వచ్చి, జరిగిందంతా విని, తల పట్టుకుని కూర్చున్నాడు.

"శవాన్ని వాడి కళ్ళబడనిచ్చి ఉంటే వాడికి తెలిసిపోయేది గదమ్మా. ఇప్పుడు మీ కులవ విని, ఆమె గోడవతల ఉండాదని కాచుకోనుండాడు."

తిట్టి ఉంటే బాగుండు, తిట్టలేదు. కులవ ఆపమన్నాడు. ఇట్లే తినకుండా ఉంటే ఇంకో వారం కూడా నిలవడన్నాడు.

ఆపినాము. ఐదు దినాలు వాడు పాడి, ఆపి, అటే చూసి, మళ్ళీ పాడినాడు. వాడు ఆపిన ప్రతిసారీ నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడేదాన్ని. పండు పెట్టింది పెట్టినట్టే ఉండేది. ఆరో దినం ఇంక నా వల్ల కాలేదు. ఎవరినీ అడగలేదు. బోను ముందరికి పోయి, వాడు పాట ఆపగానే, వాడి కళ్ళెదురుగానే కులవ పెట్టినాను. నిజం తెలిస్తేనన్నా తింటాడనుకున్నాను.

వాడు నేలకు దిగినాడు. పడిపోకుండా రెండు చేతులూ పైకెత్తుకుని, రెండు కాళ్ళమీద నడిచి జాలీ దాకా వచ్చినాడు. నా నోటినే చూసినాడు. ఇంకోసారి పెట్టినాను, ఏడుపులో అది సరిగా రాలేదు. వాడు నా మొకం, నా చేతులు, నా వెనక ఉండే ఖాళీ చోటు అన్నీ చూసి, తిరిగి మెల్లగా పైకెక్కి పోయినాడు.

మర్నాడు సగం పండు తిన్నాడు. డాక్టరు నన్ను మెచ్చుకున్నాడు. వాడు ఇంకా ఏడేళ్ళు బతికినాడు. ఆ ఏడేళ్ళలో ఒక్క పొద్దు కూడా పాడలేదు.